బట్వాడా బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారాలు.

తపాలా శాఖనూ ప్రైవేటు కొరియర్ సంస్థలనూ పోల్చే ప్రతి చర్చా చివరికి వేగం దగ్గరే ఆగిపోతోంది. ఏది ముందు చేరుతుంది, ఏది ఫోనుకు సందేశం పంపుతుంది, ఏది ఆదివారం కూడా తలుపు తడుతుంది అన్న ప్రశ్నలతోనే పోస్టాఫీసు పని అయిపోయిందని తేల్చేస్తున్నారు. నల్లమల అంచున ఉన్న ఒక చిన్న కోర్టు పట్టణంలో న్యాయవాదిగా పనిచేస్తూ, నోటీసులు పంపడం, తిరిగొచ్చిన కవర్లను ఫైళ్లలో భద్రపరచడం నిత్యకృత్యమైన నాకు అసలు తేడా మరోచోట కనిపిస్తోంది. చిరునామా ఎక్కడ ఉన్నా అక్కడికి వెళ్లి తీరవలసిన బాధ్యత తపాలా శాఖకు ఉంది. కొరియర్ సంస్థకు ఆ బాధ్యత లేదు; గిట్టుబాటైన చోటికి మాత్రమే వెళ్లే వెసులుబాటు దానికి ఉంది. ఈ తేడాను పట్టించుకోకుండా బ్యాంకులు, బీమా సంస్థలు, కళాశాలలు, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు సైతం పల్లె ప్రజల హక్కులతో ముడిపడిన కాగితాలను కొరియర్ల చేతిలో పెడుతున్నాయి. మరోవైపు తపాలా శాఖ కూడా తన పనిని వ్యాపారపు కొలతలతో కొలుచుకోవడం మొదలుపెట్టింది. ఈ రెండూ నాకు ఆందోళన కలిగిస్తున్నందునే ఈ లేఖ రాస్తున్నాను.

మండల కేంద్రాల్లో మనకు కనిపించే కొరియర్ కార్యాలయం చాలావరకు ఆ సంస్థ సొంతది కాదు. జిరాక్స్ దుకాణమో, మొబైల్ దుకాణమో నడుపుకునే స్థానికుడొకరు డిపాజిట్ కట్టి ఫ్రాంచైజీ తీసుకుంటారు. బుక్ చేసిన కవరు మీద కమీషన్, పంచిన కవరుకు ఇంత అని లెక్క. పెట్రోలు ఖర్చు పోను ఏమీ మిగలదనుకున్న ఊరికి ఆయన వెళ్లరు. మొత్తం వ్యాపారమే గిట్టడం లేదనుకుంటే బోర్డు తీసేస్తారు. అందులో ఆయన తప్పేమీ లేదు. భుజాన పెద్ద సంచి వేసుకుని, సొంత బండి మీద, సొంత ఫోను ఖర్చుతో, ప్యాకెట్టుకు ఇంత అన్న లెక్కన ఎండలో తిరిగే కుర్రాళ్ల తప్పు అసలే లేదు. పట్టణాల్లో వారు చేస్తున్న సేవ విలువైనదే. ఇంటికి వచ్చి పార్శిల్ తీసుకెళ్లడం, రాత్రి వేళ కూడా అందించడం, వస్తువు ఎక్కడి దాకా వచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పడం వంటి వాటిలో తపాలా శాఖ వారిని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. ప్రైవేటు కొరియర్లు పెరుగుతున్న రోజుల్లోనే, 1986 ఆగస్టు 1న, స్పీడ్ పోస్టు మొదలైంది. ఆ పోటీ వల్ల ప్రజలకు మేలే జరిగింది.

బ్రాంచి పోస్టాఫీసు పుట్టుకే వేరు. హెడ్ పోస్టాఫీసు, దాని కింద సబ్ పోస్టాఫీసులు, వాటి కింద ఊళ్లలో బ్రాంచి పోస్టాఫీసులు అన్న మూడంచెల అమరికలో పల్లెలకు దగ్గరగా ఉండేది ఆఖరిదే. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశం మొత్తం మీద 23,344 పోస్టాఫీసులుండగా ఇప్పుడు అవి లక్షా 60 వేలు దాటాయి. వాటిలో దాదాపు 90 శాతం గ్రామాల్లోనే ఉన్నాయి. ఈ పెరుగుదల లాభం చూసుకుని జరిగింది కాదని చెప్పడానికి కొత్త బ్రాంచి తెరిచేందుకు శాఖ పెట్టుకున్న నిబంధనలే సాక్ష్యం. మామూలు గ్రామీణ ప్రాంతాల్లో కొన్ని ఊళ్లకు కలిపి 3,000 జనాభా, దగ్గరి పోస్టాఫీసుకు 3 కిలోమీటర్ల దూరం, ఆ బ్రాంచి నిర్వహణ ఖర్చులో మూడో వంతు ఆదాయం వస్తుందన్న అంచనా ఉంటే చాలు. కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లోనైతే 500 జనాభా ఉన్న ఊరికీ పోస్టాఫీసు ఇవ్వవచ్చు. అక్కడ ఖర్చులో 15 శాతం ఆదాయం వచ్చినా సరిపోతుంది. అంటే మిగిలిన 85 శాతం భారాన్ని ప్రభుత్వం ముందే ఒప్పుకుని ఆ తలుపు తెరుస్తోందన్నమాట. బడి పెట్టేటప్పుడు, ఊరికి రోడ్డు వేసేటప్పుడు ఆదాయం ఎంతని అడగనట్టే ఉత్తరం విషయంలోనూ అడగకూడదనుకున్న రోజుల ఆలోచన ఇది. ఏ కొరియర్ సంస్థా ఈ లెక్కతో కార్యాలయం తెరవదు; తెరవాలని మనం ఆశించడమూ న్యాయం కాదు.

ఆ బ్రాంచి ఎలా నడుస్తుందో నగరవాసులకు అంతగా తెలియదు. చాలా ఊళ్లలో దానికంటూ భవనం ఉండదు. బ్రాంచి పోస్టుమాస్టరుగా ఎంపికైనవారే ఊళ్లో గది చూపించాలన్నది నిబంధన కాబట్టి తరచుగా అది వారి ఇంటి ముందు గదే అవుతుంది. ఒక బల్ల, తేదీ ముద్ర, స్టాంపు ప్యాడు, చిన్న కాటా, వేలిముద్ర తీసుకునే యంత్రం, గోడకు తగిలించిన ఎర్ర డబ్బా, ఇంతే ఆఫీసు. సబ్ పోస్టాఫీసు నుంచి సంచి రాగానే సీలు చూసి విప్పి, లోపలి ఉత్తరాలను లెక్క సరిచూసుకుని, ప్రతి కవరు వెనుక ఆ రోజు ముద్ర వేసి, సంతకం తీసుకోవలసిన వాటిని విడిగా రాసుకుని బట్వాడాకు ఇస్తారు. ఆ బల్ల దగ్గరే సుకన్య సమృద్ధి ఖాతా సొమ్ము కట్టించుకుంటారు, గ్రామీణ తపాలా బీమా ప్రీమియం తీసుకుంటారు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల వృద్ధులకు, వితంతువులకు ప్రభుత్వమిచ్చే పింఛను కూడా ఆ బల్ల మీదుగానే చేతికందుతుంది. కాబట్టి ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు కూలి పనులకు హైదరాబాదు వెళ్లారో, ఎవరు ఎప్పుడు తిరిగొస్తారో ఆ పోస్టుమాస్టరుకు తెలిసినంతగా మరే కార్యాలయానికీ తెలియదు.

ఇంత పని చేసేవారిని శాఖ తన పూర్తికాలపు ఉద్యోగులుగా లెక్కించదు. ఒకప్పుడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు అనేవారు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవకులు అంటున్నారు. 1977లో పి.కె. రాజమ్మ కేసులో వీరివి సివిల్ పోస్టులేనని, అంటే ప్రభుత్వ కొలువులేనని, సుప్రీంకోర్టు స్పష్టం చేసినా జీతభత్యాల్లో మాత్రం వేరుగానే ఉంచారు. 2018 జులై 1 నుంచి అమలైన సవరణ ప్రకారం బ్రాంచి పోస్టుమాస్టరుకు రోజుకు 4 గంటల పనికి నెలకు 12,000 రూపాయలు, 5 గంటల పనికి 14,500 రూపాయలు మూల భత్యం. ఉత్తరాలు పంచే డాక్ సేవకులకు 10,000, 12,000. దీని మీద కరవు భత్యం కలుస్తుంది. బతకడానికి మరో ఆదాయ మార్గం కూడా ఉండాలని నియామక నిబంధనల్లోనే రాశారు. సంచి ఆలస్యంగా వచ్చినా, యంత్రానికి సిగ్నల్ అందకపోయినా, పింఛన్ల రోజుల్లో వరుస సాయంత్రం దాకా సాగినా కాగితం మీద అది నాలుగైదు గంటల ఉద్యోగమే. దేశంలో రెండున్నర లక్షల మందికి పైగా ఉన్న వీరిని ఇలాగే ఉంచి, పల్లెలకు మెరుగైన బట్వాడా కావాలని కోరడం సబబు కాదు.

ఇక పిన్‌కోడ్ సంగతి. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ తన ఉత్తరాల విభజన కోసం ప్రవేశపెట్టిన ఆరంకెల సంఖ్యనే ఇవాళ ప్రతి కొరియర్ సంస్థా, ప్రతి ఆన్‌లైన్ దుకాణమూ వాడుకుంటున్నాయి. వాడుకోవడంలో తప్పు లేదు, కానీ ఆ సంఖ్య చెప్పేదేమిటో తెలుసుకుని వాడాలి. మొదటి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే సార్టింగ్ జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును తెలుపుతాయి. ఆ పోస్టాఫీసు కింద ఎన్ని బ్రాంచిలున్నా, ఆ బ్రాంచిల కింద ఎన్ని ఊళ్లు, తండాలు, పెంటలు (అడవిలోని చెంచుల చిన్న గూడేలు) ఉన్నా అన్నిటికీ సాధారణంగా అదే సంఖ్య. పోస్టాఫీసుకు ఇందులో ఇబ్బంది లేదు. అక్కడి నుంచి ముందుకు తీసుకెళ్లే బ్రాంచి దానికి ఉంది. కొరియర్ సంస్థకు ఆ ముందు మెట్టు లేదు. అందుకే పిన్‌కోడ్ కొట్టి చూస్తే సేవ ఉన్నట్టు చూపిస్తుంది, కవరు మాత్రం మండల కేంద్రంలోని దుకాణం దాటదు. ఆ తర్వాత ఫోను వస్తుంది: మీ ఊరు మా రూటులో లేదు, వచ్చి తీసుకెళ్లండి. రోజు కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి తీసుకెళ్లేవారికి ఆ కవరు ఖరీదెంత పడిందో బుక్ చేసినవారికి ఎన్నటికీ తెలియదు. అమ్రాబాద్ పైభాగంలోని చెంచు పెంటల వారికైతే ఆ ఫోను కూడా అందదు. పెంటకు వచ్చే ఉత్తరం ఆలస్యమైతే కావచ్చు గానీ అది ఏదో ఒక బ్రాంచి పోస్టాఫీసు పరిధిలోకి తప్పక వస్తుంది. దాన్ని అందించవలసిన మనిషి ఒకరు రికార్డులో ఉంటారు.

మా కార్యాలయానికి వచ్చిన ఒక కేసు వివరిస్తాను. భర్త చనిపోయిన ఒక యువతి బీమా సొమ్ము కోసం దరఖాస్తు పెట్టుకుంది. మరికొన్ని పత్రాలు కావాలని, ఫలానా గడువులోగా పంపకపోతే ఫైలు మూసేస్తామని బీమా సంస్థ ఒక లేఖ రాసి కొరియర్‌లో పంపింది. ఆ సంస్థ రికార్డుల్లో ఉన్న ఫోను నంబరు చనిపోయిన భర్తది. కొరియర్ వారు ఆ నంబరుకే ఫోను చేశారు, స్విచాఫ్ అని వచ్చింది. చిరునామాదారు అందుబాటులో లేరని రాసి కవరును వెనక్కి పంపేశారు. గడువు దాటింది, ఫైలు మూసేశారు. కవరు మీద ఊరి పేరు, ఇంటి నంబరు, తండ్రి పేరు సహా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు ఉంది. ఆ ఇంట్లోనే ఉండే ఆమె అత్తగారు నెలనెలా అక్కడే పింఛను తీసుకుంటోంది. అదే లేఖ పోస్టులో వచ్చి ఉంటే ఫోను నంబరుతో పనే లేకుండా ఆమె చేతికి అందేది. రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఆ ఫైలును తిరిగి తెరిపించగలిగాం గానీ, వకీలు దగ్గరికి వచ్చే స్థోమత గానీ అవగాహన గానీ లేని ఎంతమంది విషయంలో ఇలాంటి ఫైళ్లు మూతబడి ఉంటాయోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు. కొరియర్ దృష్టిలో చిరునామా అంటే ఫోను నంబరు. ఆ ఫోను మోగకపోతే, కవరు మీద పేరున్న మనిషి ఊళ్లోనే ఉన్నా వారికి లేనట్టే.

న్యాయస్థానాలు ఈ తేడాను ఎప్పుడో గుర్తించాయి. సరైన చిరునామా రాసి, చార్జీ చెల్లించి రిజిస్టరు పోస్టులో వేసిన పత్రం మామూలుగా అందవలసిన సమయానికి అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అందలేదని రుజువు చేసుకునే భారం ఎదుటివారి మీదే ఉంటుంది. చెక్కు చెల్లని కేసుల్లో ఇచ్చే నోటీసుకు కూడా ఈ భావన వర్తిస్తుందని 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొరియర్‌లో వేసిన కవరుకు చట్టం ఇంతటి నమ్మకాన్ని తనంతట తాను ఇవ్వదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002లో వచ్చిన సవరణ వల్ల సమన్లు కొరియర్ ద్వారా పంపే వీలు కలిగినా, హైకోర్టో సంబంధిత కోర్టో ఆమోదించిన సంస్థ ద్వారానే పంపాలన్న షరతు పెట్టారు. తపాలాకు అలాంటి ముందస్తు ఆమోదం అక్కరలేదు.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే తిరిగొచ్చిన ఒక రిజిస్టరు కవరును చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూడాలి. పోస్టుమ్యాన్ నీలం పెన్నుతో రోజువారీగా రాసిన వరుసలుంటాయి. మొదటి రోజు 'డోర్ లాక్డ్' అని, మరునాడు మళ్లీ అదే, తర్వాత ఇంట్లోవారికి చెప్పి వచ్చినట్టు 'ఇంటిమేషన్' అని, ఏడు రోజుల గడువు ముగిశాక పంపినవారికి తిప్పి పంపుతున్నట్టు చివరి వరుస. ప్రతి వరుస కింద తేదీ, పొట్టి సంతకం, పక్కన ఊరి పేరున్న గుండ్రటి ముద్ర. అది రాసిన మనిషిని కోర్టుకు సాక్షిగా పిలవవచ్చు, అబద్ధం రాస్తే ఉద్యోగం పోతుందని ఆ మనిషికీ తెలుసు. నా వాదనల్లో చాలా భాగం ఆ నాలుగు వరుసల మీద ఆధారపడి నడిచాయి. కొరియర్ సంస్థ ఇచ్చేది తెర మీద కనిపించే ఒక మాట, డెలివరీ అయింది అనో కాలేదు అనో. అది ఎవరు నమోదు చేశారు, ఏ గుమ్మం ముందు నిలబడి నమోదు చేశారు అని అడిగితే జవాబు చెప్పే మనిషిని వెతికి పట్టుకోవడమే పెద్ద పని.

అలాంటి రిజిస్టరు పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది. అక్టోబరు 1 నుంచి కొత్త ధరలు వచ్చాయి. 50 గ్రాముల లోపు కవరుకు స్థానికంగా 19 రూపాయలు, మిగిలిన ఎక్కడికైనా 47 రూపాయలు. చిరునామాదారుకే ఇవ్వాలన్న రిజిస్ట్రేషన్ కావాలంటే మరో 5 రూపాయలు, వీటిపై 18 శాతం పన్ను. ఇదివరకు 20 గ్రాముల రిజిస్టరు ఉత్తరం పన్నుతో కలిపి 26 రూపాయలకే వెళ్లేది. ఇప్పుడు స్థానిక పరిధి దాటి అదే పని చేయించుకోవాలంటే 60 రూపాయలు దాటుతోంది. వేగం అవసరమైన వ్యాపారికి ఇది భారం కాకపోవచ్చు. భరణం కోసం భర్తకు నోటీసు ఇచ్చే ఇల్లాలికి, కూలి ఎగ్గొట్టిన మేస్త్రీకి నోటీసు ఇచ్చే వలస కూలీకి కావలసింది వేగం కాదు, రుజువు. స్థానిక పరిధి దాటితే ఆ రుజువు ధర ఒక్కసారిగా రెట్టింపు దాటింది. పైగా మామూలు స్పీడ్ పోస్టు చిరునామాలో ఎవరున్నా ఇచ్చి వచ్చే సేవ. రిజిస్టరు పోస్టు పేరున్న మనిషికే అందించే సేవ. అదనపు రిజిస్ట్రేషన్ అడిగి మరీ చేయించుకోవాలన్న సంగతి తెలియక, ఉత్త స్పీడ్ పోస్టులో నోటీసులు పంపి తర్వాత చిక్కుల్లో పడేవారు ఉంటారని నా భయం.

పుస్తకాల విషయంలోనూ శాఖ ఇలాగే తొందరపడింది. చిన్న ప్రచురణకర్తలకు, ఊళ్లలోని పాఠకులకు ఎంతో అండగా ఉన్న, పుస్తకాలను రాయితీ ధరకు పంపే రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ సేవను 2024 డిసెంబరులో ఆపేసి, నిరసనలు వచ్చాక 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు పేరుతో మరో సేవ తెచ్చింది. తెలుగు పుస్తకం విజయవాడ, హైదరాబాదు దాటి పల్లెకు వెళ్లగలిగింది ఈ రాయితీ వల్లనే. కొరియర్ చార్జీ కలిపితే కొన్ని పుస్తకాలకు వాటి ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువవుతుంది.

1898 నాటి తపాలా చట్టం ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కును కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. దాని స్థానంలో 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన 2023 నాటి కొత్త చట్టంలో ఆ ప్రత్యేక హక్కు లేదు. తపాలా బిళ్లలు జారీ చేసే అధికారమే తపాలా శాఖకు ప్రత్యేకంగా మిగిలింది. కొరియర్లు ఎలాగూ దశాబ్దాలుగా కవర్లు మోస్తూనే ఉన్నాయి కాబట్టి ఇది ఉన్న వాస్తవాన్ని ఒప్పుకోవడమేనని కొందరంటారు. కావచ్చు. కానీ హక్కు పోయాక కూడా బాధ్యత మాత్రం తపాలా శాఖ మీదే ఉండిపోయింది. లాభం వచ్చే నగరాల కవర్లు పోటీలోకి వెళ్లాయి, నష్టం వచ్చే పల్లెల కవర్లు శాఖకు మిగిలాయి. అలాంటప్పుడు ఆదాయం చూపించలేదని బ్రాంచిలను నిలదీయడంలో న్యాయం లేదు. ఖాతాలు తెరవాలని, బీమా పాలసీలు చేయించాలని పై నుంచి లక్ష్యాల ఒత్తిడి పెరిగే కొద్దీ బ్రాంచి పోస్టుమాస్టరు మనసు బట్వాడా మీద నుంచి మళ్లుతోంది. పాలసీ చేయించకపోతే మర్నాడే ఫోనులో సంజాయిషీ అడుగుతారు, ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే అడిగేవారు లేరు.

పరిహారం విషయంలో తపాలా శాఖా, కొరియర్ సంస్థలూ రెండూ మెచ్చుకోదగ్గవి కావు. స్పీడ్ పోస్టు పోతే చెల్లించిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. పోస్టాఫీసు బాధ్యతను పరిమితం చేసే నిబంధన పాత చట్టంలో ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. కొరియర్ సంస్థలు రశీదు వెనుక సన్నటి అక్షరాల్లో ఇలాంటి పరిమితినే పెట్టుకుంటాయి. సంతకం చేసిన షరతుకు వినియోగదారు కట్టుబడాలని 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తేడా వచ్చేది అడిగే హక్కు దగ్గర. తపాలా శాఖ సమాచార హక్కు చట్టం పరిధిలో ఉంది. నా ఉత్తరం ఏ రోజు ఏ బ్రాంచికి చేరింది, ఎవరికి ఇచ్చారు, సంతకం నకలు ఇవ్వండి అని 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడగవచ్చు. చెప్పకపోతే అప్పీలు చేయవచ్చు, తపాలా ఫిర్యాదులు వినే డాక్ అదాలత్‌లో నిలదీయవచ్చు. కొరియర్ సంస్థను సమాచార హక్కు కింద ప్రశ్నించలేం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయడం, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం తప్ప దారి లేదు. అదీ కవరు పంపినవారో, సొమ్ము చెల్లించినవారో వెళితేనే సులభం. ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న పల్లె మనిషికి ఆ సంస్థతో ఏ ఒప్పందమూ ఉండదు.

తపాలా శాఖ లోపాలు నాకు తెలియనివి కావు. గుమ్మం తొక్కకుండానే తాళం ఉందని రాసిన కవర్లను నేను చూశాను. ఊరి కూడలిలో ఎవరి చేతిలోనో పెట్టి అందినట్టు చూపిన ఉత్తరాలూ ఉన్నాయి. సర్వర్ పనిచేయడం లేదన్న మాట పోస్టాఫీసు కిటికీ దగ్గర ఎంతమంది రోజును వృథా చేస్తోందో చెప్పనక్కరలేదు. పోస్టుమ్యాన్ ఖాళీ భర్తీ చేయక ఒకరి చేత రెండు బీట్లు (బట్వాడా పరిధులు) తిప్పిస్తే అబద్ధపు రాతలు రాక తప్పదు. కానీ ఈ లోపాలన్నీ ఉన్న బాధ్యతను సరిగ్గా నిర్వర్తించకపోవడం వల్ల వచ్చినవి. ఫిర్యాదు చేసి సరిచేయించగలిగినవి. బాధ్యతే లేని చోట ఏమని ఫిర్యాదు చేస్తాం?

ఈ సందర్భంలో ఆర్టీసీ కార్గో గురించి ఒక మాట. బస్సులో పార్శిల్ వేస్తే ఎదుటి బస్టాండులో తీసుకోవాలని అందరికీ తెలుసు. ఆ మాట ముందే చెబుతారు, చార్జీ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, ఎవరూ మోసపోరు. కొరియర్ సంస్థలు ఇంటి దగ్గర ఇస్తామని పూర్తి చార్జీ తీసుకుని, మండల కేంద్రానికి రమ్మనడమే అభ్యంతరకరం.

కాబట్టి సంబంధిత అధికారులను కోరేదేమంటే, గడువు, ప్రవేశం, ఉద్యోగం, బీమా, రుణం, పింఛనుకు సంబంధించిన ఏ కాగితమైనా గ్రామీణ చిరునామాకు పంపేటప్పుడు బ్యాంకులు, బీమా సంస్థలు, విశ్వవిద్యాలయాలు తపాలా ద్వారానే పంపాలని రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు ఉత్తర్వులివ్వాలి. పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తున్నప్పుడు బీమా లేఖ ఎందుకు రాకూడదు? కొరియర్‌లో పంపి తిరిగొచ్చిన కవరును ఆధారంగా చూపి ఎవరి దరఖాస్తునూ మూసేయకూడదు. ఒకసారి పోస్టులో పంపి చూసిన తర్వాతే నిర్ణయం తీసుకోవాలి. కొరియర్ సంస్థలు బుకింగ్ సమయంలోనే పిన్‌కోడ్ కాకుండా ఊరి పేరు అడిగి, అక్కడికి వెళతారో లేదో రశీదు మీద రాయాలి. వెళ్లకపోతే ఆ మేరకు చార్జీ వాపసు ఇవ్వాలి.

తపాలా శాఖను కోరేది ఇంకా ఎక్కువ. వ్యక్తులు పంపే నోటీసులకు, అర్జీలకు పాత రిజిస్టరు పోస్టు ధరతో ఒక సేవను మళ్లీ తేవాలి. అది నాలుగు రోజులు ఆలస్యంగా చేరినా ఫరవాలేదు, చేరినట్టు రుజువు ఉంటే చాలు. బట్వాడా చేయలేకపోయిన ప్రతి కవరు మీద కారణాన్ని చేతిరాతతో, తేదీతో, సంతకంతో రాసే పద్ధతిని ఓటీపీలు వచ్చాయన్న కారణంతో వదులుకోకూడదు. బ్రాంచి పోస్టుమాస్టర్ల పనితీరును అంచనా వేసేటప్పుడు తెరిచిన ఖాతాల కన్నా ముందు అందిన ఉత్తరాలను లెక్కించాలి. గ్రామీణ డాక్ సేవకులు నిజంగా పనిచేస్తున్న గంటలను కొలిచి ఆ గంటలకు జీతం ఇవ్వాలి. ప్రతి బ్రాంచి పోస్టాఫీసు ముందు పనివేళలు, సంచి వచ్చే సమయం, దాని పరిధిలోకి వచ్చే ఊళ్లు, తండాలు, పెంటల పేర్లు, ఫిర్యాదు చేయవలసిన ఇన్‌స్పెక్టరు కార్యాలయం ఫోను నంబరు తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి. మా డివిజన్‌లో ఈ బోర్డుల కోసం సూపరింటెండెంటు గారికి అర్జీ ఇవ్వాలని కొందరు న్యాయవాదులం అనుకుంటున్నాం. మీ పాఠకులు కూడా తమ తమ ఊళ్ల నుంచి ఇలాంటి అర్జీలు పంపితే ఆ పని త్వరగా జరుగుతుంది.

ఇట్లు
భవదీయుడు,
ఒక న్యాయవాది,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా